పర్యావరణం చదవాలంటే ఏ బ్రాంచి?

"మా పాప పర్యావరణం చదువుతానంటోంది. చరిత్ర అంటే ఇష్టం. వాళ్ళ నాన్నగారికేమో ఆర్ట్స్ అంటే భయం. ఎందులో చేర్చాలి?" అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, ఎన్‌యూఎస్‌లో 2011లో మొదలైన పర్యావరణ డిగ్రీని ఆర్ట్స్, సైన్స్ ఫ్యాకల్టీలు రెండూ కలిసే పెట్టాయి. ఎందుకంటారా? న్యూవాటర్ సంగతే చూడండి. సింగపూరు 2003 నుంచి వాడేసిన నీటిని శుద్ధిచేసి మళ్ళీ వాడుతోంది. సన్నని పొరల్లోంచి వడగట్టడం ఇంజనీరు పని. సూక్ష్మజీవులు లేవని తేల్చడం సైన్సు పని. "ఛీ, మురుగునీళ్ళా!" అనే అమ్మమ్మను ఒప్పించడం మాత్రం ఏ యంత్రానికీ చేతకాదు! ఇక 1962 నాటి జొహోర్ నీటి ఒప్పందం 2061లో ముగుస్తుంది. అప్పటికి ఆ కాగితాల చరిత్ర తెలిసినవాళ్ళు కూడా కావాలి. పాప నాన్నగారికి ఈ మాట చెప్పండి.