ముందు దెబ్బ ఎవరిది?

2024లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అందమైన పుస్తకమే. యుద్ధం గురించిన అధ్యాయం మాత్రం పాతికేళ్ళనాటి పొరపాటును మళ్ళీ అచ్చు వేసింది. పోరు మొదలవగానే ప్రతివారూ ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు తమ పాత్ర చురుకుదనాన్ని కలుపుకోవాలి. పెద్ద అంకె వచ్చినవారిది ముందు దెబ్బ. ఆ వరుస పోరు ముగిసేదాకా మారదు. దీనికి ‘ఇనిషియేటివ్’ అని పేరు. 2000లో వచ్చిన మూడవ కూర్పు నుంచి ఇదే తంతు.

ఈ ఆటలు ఎరగనివారికి ఒక్కమాట. కథకుడొకడు సన్నివేశం చెబుతాడు. తక్కినవారు తలొక పాత్ర పట్టి తామేం చేస్తారో నోటితో చెబుతారు. సందేహం వచ్చినచోట పాచిక తీర్పు చెబుతుంది. రాతప్రతి లేని నాటకమన్నమాట. అలాంటి నాటకంలో ఎవరు ఎప్పుడు నోరు విప్పాలన్నది చిన్న సంగతి కాదు.

ఇది వాదనతో తేలదు, ఆడి చూడవలసిందే. రంగూన్‌ను కోస్తా తెలుగువారు ‘రంగం’ అన్నారు. అక్కడి పజుండౌంగ్ వాగు ఒడ్డున ఒకప్పుడు బియ్యం మరలుండేవి. కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీ’లనిపించుకున్న తెలుగు కూలీలు అలాంటి మరల్లోనూ రేవుల్లోనూ చెమటోడ్చారు. అక్కడొక గోదాము, అర్ధరాత్రి, నలుగురు దోపిడీగాళ్ళు అనుకుందాం. ఎదురుగా మేస్త్రీ, సంపాను నడిపేవాడు, గుమాస్తా, కాపలావాడు, వంటమనిషి. ఒక టీకొట్టులో పొట్టి బల్ల చుట్టూ చేరి, ఈ ఒక్క పోరునే వేర్వేరు నియమాలతో ఆడితే ఏమవుతుంది?

హ్యాండ్‌బుక్ ప్రకారం వంటమనిషికి మూడు పడిందనుకుందాం. మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా తొమ్మిది వంతులకు పద్దెనిమిది నిమిషాలు. అందులో పదహారు నిమిషాలు ఆమె పాత్రధారి టీగ్లాసు చూస్తూ కూర్చోవాలి. పోనీ, ఆ పాచికకు అంత విలువ ఉందా? వరుస గుండ్రంగా తిరిగేది కనుక మొదటి ఆవృత్తి దాటాక ముందెవరు, వెనకెవరు అన్న ప్రశ్నకే అర్థం లేదు. ఎవరి పక్కన ఎవరన్నదే మిగులుతుంది. ఒక్క ఆవృత్తి కోసం ఇన్ని పాచికలు, ఇన్ని కూడికలు, కాగితం మీద ఒక పట్టిక!

ముందు దెబ్బను నిజంగా సంపాదించుకోగలిగిన చోటు ఒకటుండేది, మాటు వేయడం. 2014 కూర్పులో ఏమరుపాటున దొరికినవాడు మొదటి వంతు పోగొట్టుకునేవాడు. ఇప్పుడు రెండు పాచికలు వేసి చిన్న అంకె తీసుకుంటే సరిపోతుంది. గంటసేపు పన్నిన పన్నాగానికి దక్కేది లాటరీలో కాస్త మొగ్గు.

టామ్ మోల్డ్‌వే 1981లో కూర్చిన బేసిక్ నియమాలు ఇంతకన్నా తెలివైనవి. ప్రతి ఆవృత్తిలోనూ పక్షానికొక ఆరుముఖాల పాచిక. గెలిచిన పక్షమంతా ముందు కదులుతుంది. అయిదుగురూ కలిసి తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకోక తప్పదు, వంటమనిషి సహా. అయితే ఓడిన పక్షం కదలకముందే నేలకూలవచ్చు. ఆ లోపం చిన్నది కాదు.

బర్మావారి చదరంగం ‘సిట్టుయిన్’ ఈ చిక్కుకు ఎప్పుడో జవాబు చెప్పింది. బంట్లు ముందే నిలబడి ఉంటాయి. రాజు, సేనాపతి, ఏనుగులు, గుర్రాలు, రథాలు ఎక్కడ నిలవాలో ఆటగాడి ఇష్టం. సంప్రదాయం ప్రకారం ఎర్ర పక్షం ముందు మోహరిస్తుంది. నల్ల పక్షం ఆ మోహరింపు చూసుకుని తన బలగాన్ని దించుతుంది. ముందు దిగినవాడు తన ఎత్తును బయటపెట్టుకుంటాడు. ముందుండటానికి అక్కడొక వెల ఉంది. హ్యాండ్‌బుక్‌లో లేనిది ఆ వెలే.

స్థిరమైన వరుసలో న్యాయముంది, గొంతు పెద్దవాడు పెత్తనం చేయడు అని సమర్థకులు అంటారు. సగం నిజం. అష్టావధానంలోనూ వరుస ఉంది. సమస్య, దత్తపది, వర్ణన ఆవృత్తి వెంట ఆవృత్తిగా పాదం పాదం నడుస్తాయి. కాని అప్రస్తుత ప్రసంగిని ఆ వరుసలో కట్టిపడేస్తే సభ నిద్రపోతుంది. హ్యాండ్‌బుక్‌లోనూ ‘రియాక్షన్’ ఉందిగా అంటే, ఉంది: ఆవృత్తికొకటి, అదీ నియమం పేర్కొన్న సందర్భం తటస్థిస్తేనే. అప్రస్తుత ప్రసంగికి అనుమతి పత్రం ఇచ్చినట్టు.

2012 నాటి ‘మార్వెల్ హీరోయిక్ రోల్‌ప్లేయింగ్’ వరుసకు పాచికే వేయదు. తన వంతు ముగించినవాడు తరువాత ఎవరో చెబుతాడు. ఆవృత్తిలో చివరగా కదిలినవాడు మరుసటి ఆవృత్తి ఎవరితో మొదలవాలో నిర్ణయిస్తాడు. గోదాములో మనవాళ్ళు అయిదుగురూ ఆత్రంగా ముందే దూకితే, చివర మిగిలిన దోపిడీగాళ్ళు కొట్టి, మళ్ళీ తామే మొదలుపెడతారు. అందుకని ఎవరో ఒకరు ఆగాలి, దెబ్బలు కాచుకుంటూ. ఎవరాగాలన్న దాని మీద బల్ల చుట్టూ తగవు మొదలవుతుంది. మేస్త్రీ ఆగనంటాడు, గుమాస్తాకు భయం. చివరికి వంటమనిషి గంజి కాగుతున్న డేగిసా పట్టుకుని తలుపు వెనక నిలబడుతుంది. టీ చల్లారిపోయినా ఎవరూ గమనించరు.