ముందు పది క్యారియర్లు... ఆ తర్వాతే యాప్!

తుక్కుగూడలో మా వీధి చివరనుండే అమ్మాయి ఓ మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. వెనకాలే ల్యాప్‌టాప్ పట్టుకుని తమ్ముడు. "అక్కా, ఇంటి వంటను ఆన్‌లైన్ల అమ్మే కంపెనీ పెడ్తున్నం. యాప్ చెయ్యనీకి మూడు లక్షలు అడుగుతున్నరు. నా గొలుసు, గాజులు బ్యాంకుల పెడ్తె వస్తయి. నువ్వు కథలు రాస్తవు గద, మంచి పేరు చెప్పు" అంది సంబరంగా.

పేరుదేముంది, కూర్చున్నచోట నాలుగు చెప్పొచ్చు. నా చూపు మాత్రం ఆ గాజుల మీదే ఆగిపోయింది.

"ఎవరు కొంటారమ్మా?" అన్నాను. వేళ్లు మడుస్తూ చెప్పింది. హార్డ్‌వేర్ పార్కులో పనిచేసేవాళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన లేచిన విల్లాలవాళ్లు, ఉద్యోగాలకు పోయే ఆడవాళ్లు. "అందర్ని అడిగినక్కా. మంచిగుంటది, పెట్టు అన్నరు."

తిరకాసంతా అక్కడే ఉంది. మనింటి ఆడపిల్లలాంటిది వచ్చి వ్యాపారం పెడతానంటే, బాగుంటుందమ్మా అనక ఎవరైనా ఏమంటారు? అది దీవెన. ఆర్డర్ కాదు. 'కొంటారా?' అని అడిగే బదులు 'పోయిన వారం ఎన్నిసార్లు బయటినుంచి తెప్పించుకున్నారు, ఎంతైంది, ఏం తెప్పించుకున్నారు?' అని అడిగితే నిజం బయటపడుతుంది. జరగబోయేదాని గురించి అందరూ ఉదారంగా మాట్లాడతారు. జరిగిపోయినదాన్ని మార్చి చెప్పడం కాస్త కష్టం.

మనం రోజూ ఫోనుల్లో చూసే పెద్ద కంపెనీలు కూడా ఒక్కసారిగా ఆకాశంలోంచి ఊడిపడలేదు. జొమాటో 2008లో మొదలైనప్పుడు దానిపేరు ఫుడీబే. ఆఫీసులో తోటివాళ్లు హోటల్ మెనూ కార్డుల కోసం తడుముకోవడం చూసి దీపిందర్ గోయల్, పంకజ్ చడ్డా ఆ కార్డులను స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టారు. అంతే! వంటా లేదు, బండీ లేదు. అన్నం చేరవేసే పనికి దిగింది 2015లో. స్విగ్గీ పెట్టినవారిలో ఒకరు మన విజయవాడ కుర్రాడు మాజేటి శ్రీహర్ష. అంతకుముందు మిత్రుడు నందన్ రెడ్డితో కలిసి బండిల్ అని కొరియర్ వ్యాపారం పెట్టి, సాగక మూసేశారు. 2014లో స్విగ్గీని బెంగళూరులో కోరమంగళ అనే ఒక్క పేటలోనే మొదలెట్టారు. హోటలువాడి కుర్రాడి మీద ఆధారపడకుండా సొంత మనుషులతో వేళకు అందిస్తే జనం మళ్లీ పిలుస్తారన్నది వాళ్ల ఊహ. ఊరంతటి మీద కాక, ఒక్క పేటలో దాన్ని పరీక్షించుకున్నారన్నమాట.

ఊహ తప్పినప్పుడు ఏమవుతుందో కూడా వాళ్ల దగ్గరే చూడొచ్చు. 2023 జనవరిలో జొమాటో దాదాపు 225 చిన్న పట్టణాల నుంచి తప్పుకుంది. అంతకుముందు మూడు నెలల్లో ఆ 225 ఊళ్లూ కలిపి తెచ్చింది మొత్తం ఆర్డర్ల విలువలో 0.3 శాతమేనట! ఇక ఇంటి వంట సంగతి చెప్పనే అక్కర్లేదు. స్విగ్గీ 2019లో గురుగ్రామ్‌లో 'డైలీ' పేరుతో చందా భోజనాలు పెట్టింది, అది నిలవలేదు. జొమాటో 2023లో అదే గురుగ్రామ్‌లో 'ఎవ్రీడే' అని మొదలెట్టి, లాభానికి దారి కనిపించడం లేదంటూ 2025లో ఆపేసింది. వాళ్లకు తట్టుకోవడానికి మదుపుదారుల కోట్లున్నాయి. ఈ పిల్లకున్నవి రెండు జతల గాజులు.

అందుకే అన్నాను, "యాప్ పక్కన పెట్టు. నీ దగ్గర వాట్సాప్ ఉంది, తమ్ముడికి బండి ఉంది. పన్నెండు రోజులు వండి పంపించి చూడు. ప్రతిదీ నోట్‌బుక్కులో రాయి." మొహం చిన్నబుచ్చుకుంది గానీ ఒప్పుకుంది.

మొదటి మూడు రోజులు పరిచయం ధర, భోజనం అరవై రూపాయలు. 14, 19, 23... ఆర్డర్లు పెరుగుతుంటే అక్కా తమ్ముళ్లకు కాళ్లు నేలమీద లేవు. నాలుగో రోజు అసలు ధర 120 పెట్టించాను. ఎనిమిదికి దిగింది. రెండోవారానికి ఏడు దగ్గర నిలబడింది. ఆ 23 మంది వచ్చింది పప్పు కోసం కాదు, అరవై రూపాయల కోసం!

ఆ ఏడు క్యారియర్లూ ఎవరివో చూడండి. గదిలో కలిసుంటున్న ముగ్గురు కుర్రాళ్లు, ఒక టీచరమ్మ, మందుల షాపు ఆయన, పిల్లలు అమెరికాలో ఉన్న వృద్ధ దంపతులు. వేళ్లు మడిచి చెప్పిన జాబితాలో ఉన్నది టీచరమ్మ ఒక్కతే. పార్కులో పనిచేసేవాళ్లను అడిగితే లోపల క్యాంటీన్ ఉందన్నారు, లేదంటే ఇంటినుంచి డబ్బా. విల్లాల్లో వంటమనుషులున్నారు. వంట మానేసిన రోజున వాళ్లకు కావలసింది బిర్యానీ గానీ బీరకాయ పప్పు కాదు. మనమైనా అంతే కదా, ఇంట్లో చేసుకోగలిగినదాన్ని బయటినుంచి ఎందుకు తెప్పించుకుంటాం?

ఇంకో చిక్కు బండిది. అందరికీ అన్నం ఒంటిగంటకే కావాలి. అరగంటలో తమ్ముడు నాలుగు ఇళ్లు తిరగగలిగాడు. ఔటర్‌కు అవతల ఉన్న ఇల్లు మ్యాపులో పక్కనే ఉన్నట్టుంటుంది, వెళ్లాలంటే సర్వీసు రోడ్డు పట్టుకుని చుట్టూ తిరగాలి. ఆ ఒక్క ఇంటికే ఇరవై నిమిషాలు. ముప్పై క్యారియర్లంటే ఒంటిగంటకు నలుగురైదుగురు కుర్రాళ్లు కావాలి, రెండింటికి వాళ్లకు పనుండదు. పెద్ద కంపెనీల్లో అదే కుర్రాడు మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సమోసా మోస్తాడు. ముంబయి డబ్బావాలాలకైతే రోజూ అవే ఇళ్లు, అదే దారి, నెలసరి డబ్బు. ఈ పిల్లకు ఆ వీలూ లేదు, ఈ వీలూ లేదు.

లెక్క వేయడానికి ఇద్దరం నేలమీద కూర్చున్నాం. సరుకులూ గ్యాసూ 62, డబ్బా 8, పెట్రోలూ తమ్ముడి కూలీ 38. నూటఇరవైలో మిగిలింది పన్నెండు రూపాయలు. ఏడు క్యారియర్లకు రోజుకు 84. నెలకు 26 రోజులనుకుంటే 2,184. మూడు లక్షలకు నూటికి రూపాయి వడ్డీ చొప్పున నెలకు మూడు వేలు! పైగా పొద్దున అయిదున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా పొయ్యి దగ్గర నిలబడ్డదానికి ఆ కాగితం మీద అసలు గడే లేదు. అడిగితే, "నా పనికి లెక్కేందక్కా, ఇంట్ల ఎట్లైన చేసేదే గద" అంది. తమ్ముడి బండికి కూలి రాసిన చేయి తనకు రాసుకోలేకపోయింది. మన మహిళా సంఘాల్లో లోను తీసుకుని పచ్చళ్లు పెట్టేవాళ్ల పుస్తకాలు చూసినా ఇదే ఖాళీ. చాకిరీకి ధర కట్టని వ్యాపారం కాగితం మీద ఎప్పుడూ లాభంలోనే ఉంటుంది మరి.

ఆ కాగితం చూసి ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు. కాసేపు ఊరుకుని, "ఆ ముసలవ్వ రోజు రాత్రికి కర్రీ పాయింటు కూరే తెప్పిస్తదక్కా. ఉప్పు ఎక్కువ, బీపీ ఉంది అంటది" అంది.

అసలు పోటీదారు యాప్ కాదని నాకప్పుడు తెలిసొచ్చింది. మన ఊళ్లలో అన్నం ఇంట్లో కుక్కర్లో పెట్టేసుకుని, కూర మాత్రం సందు మొదట్లో కొనుక్కునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. నలభై రూపాయల ప్యాకెట్‌తో ఇద్దరికి గడిచిపోతుంది. వాళ్ల ముందు 120 రూపాయల భోజనం పెడితే ఎవరు చూస్తారు? కాకపోతే, ఉప్పూ నూనే తగ్గించి వండేది ఆ ప్యాకెట్టువాడికి కుదరని పని.

రెండో నోట్‌బుక్కు మొదలైంది. సాయంత్రం ఒక్కపూట, రెండు కూరలు, ఉప్పు తక్కువ, నడిచి ఇచ్చి రాగలిగే దూరం. ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు చేయించుకోవాలని కూడా చెప్పాను, ఇంట్లో వండి అమ్మినా అది తప్పదు. ఈసారి మొదటి పేజీలో ఒకటే ప్రశ్న రాసుకుంది: 'నెల పైసలు ముందుగాలే ఇస్తరా?' ఐదిళ్లు తిరిగింది. ఐదుగురూ మంచిదన్నారు. ఇద్దరు డబ్బు తీసి చేతిలో పెట్టారు. ముగ్గురు చూద్దామన్నారు. తమ్ముడింకా యాప్ ఎప్పుడని అడుగుతూనే ఉన్నాడు. నన్నడిగిన పేరు సంగతి మాత్రం ఇద్దరమూ మరిచిపోయాం.

మొన్న సాయంత్రం వెళితే దొండకాయలు తరుగుతోంది. పని చేస్తుంటే అడ్డమొస్తున్నాయని గాజులు తీసి చక్కెర డబ్బా మీద పెట్టుకుంది.