కారుషెడ్డులో కారు

మా యింట్లో కారుషెడ్డు ఒకటుంది. మొన్నమొన్నటిదాకా అందులో లేనిది కారొక్కటే. విరిగిన కుర్చీలూ, ఇత్తడి గుండిగలూ, పాత పరుపులూ దర్జాగా నీడపట్టున ఉండేవి. కారు మాత్రం వీధిలో వేపచెట్టు కింద కాకులకు విడిదిగా ఉండేది. "కొన్ని అమ్మేద్దామే" అంటే మా అమ్మ, "ఏది పారేస్తే మర్నాడు దానితోనే పనిపడుతుందిరా" అనేది.

ఇంకో ఊళ్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మాది భద్రాచలం. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. కరకట్ట ఉంది గాని, ఏరు పొంగినప్పుడు తూములు మూయక తప్పదు. మూస్తే ఊళ్లో పడ్డ వాన ఊళ్లోనే నిలుస్తుంది.

2022లో మా షెడ్డులో మోకాలి లోతు నీళ్లు. బడిపంతులైన నాన్నగారు ఏళ్లతరబడి రాసుకున్న దినచర్య పుస్తకాల పెట్టె అడుగున ఉంది, దానిమీద పరుపులున్నాయి. పరుపులు పొడిగా మిగిలాయి. పుస్తకాలు ముద్దయిపోయాయి. అమ్మ ఒక్క మాట అనలేదు. రెండు పుస్తకాలు మాత్రం ఎండలో పెట్టి, ఒక్కొక్క కాగితమే విడదీసుకుంది.

అది చూశాకే పెరట్లో సామాన్ల కొట్టం వేయాలనుకున్నాను. దుమ్ముగూడెం వైపునుంచి ఒక కోయ పెద్దాయన పనికి వచ్చాడు.

"అరుగు ఎంత ఎత్తు వేద్దాం పెద్దాయనా? నీళ్లు లోపలికి రాకూడదు."

ఆయన నవ్వాడు. "గోదారమ్మతో ఎత్తు పందెమా సారూ? రానియ్యండి, పోనియ్యండి. సామాను పైన పెట్టండి. మా చేలో మంచె చూడలేదా?"

ఆలోచిస్తే అదే నిజం. ఒకవైపే నీరు నిలిచి నొక్కితే గోడ కూలుతుంది. రెండువైపులా సమానంగా ఉంటే నిలుస్తుంది. కాబట్టి కింద రెండడుగులు గోడే లేదు. మా నేలలో కర్ర పాతితే చెదలు వదలవు గనక రాతి కూసాలు నిలబెట్టాం. తలెత్తు పైన దూలాలు, వాటిమీద వెదురు తడికె. అడవి ఎదురుగా ఉంది గదా అని వెదురు కొట్టుకు రాలేదు. డిపోలో రసీదు తీసుకునే కొన్నాను. పైన రేకులు గాలికి లేవకుండా బోల్టులతో బిగించాం. ప్రహరీకీ కొట్టానికీ మధ్య మనిషి నడిచేంత చోటు వదిలాం. చెదలు పట్టినా, పాము దూరినా కంటబడాలి గదా!

ఇక సర్దడం. ఇన్నాళ్లూ బరువైనది కింద, తేలికైనది పైన అని సర్దాం. ఈసారి పోతే మళ్లీ రానిది పైన, పోయినా కొనుక్కోగలిగేది కింద. ఏది ఎక్కడో అమ్మే చెప్పింది. ఆ రెండు పుస్తకాలూ అందరికంటే ముందు మంచె ఎక్కాయి.

"మరి పరుపులు?"

"కిందే పడి ఉండనీ" అంది.

సాయంత్రం కారును ముఖం వీధివైపు ఉండేట్టు షెడ్డులో పెట్టాను. మూడో హెచ్చరిక వస్తే అమ్మను ఎక్కించుకుని వెంటనే కదలాలి. అమ్మ వచ్చి చుట్టూ కలయజూసింది.

"ఒరే, దీని పక్కన ఇంకా బోలెడు చోటుందే!"