మా నీళ్ళ పరీక్ష ఫలితం మా భాషలో మాకు చెప్పాలి!

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల ప్రజలకు, కాలేజీ అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు విజ్ఞప్తి



పెన్న, చిత్రావతి, పాపాఘ్ని పుట్టింది మన నంది కొండల్లోనే. మనం తాగేది మాత్రం వెయ్యడుగులు దాటిన బోరు నీళ్ళు. వాటిలో ఫ్లోరైడు ఉందని మన పిల్లల పళ్ళే చెబుతున్నాయి. తూర్పు కర్ణాటక పల్లెల్లో భూగర్భజలాలను పరీక్షించిన బెంగళూరు దివేచా పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు యురేనియం కూడా మోతాదు మించి ఉందన్నారు. ఇప్పుడు బెంగళూరులోని హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని రెండు దశల్లో శుద్ధిచేసి మన చెరువులు నింపుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా చేయాలని శాశ్వత నీరావరి (నీటిపారుదల) పోరాట సమితి ఏళ్ళ తరబడి అడుగుతోంది.

ఇన్ని ప్రశ్నలున్న నేలకు పరిశోధకులు రావాలి, వస్తున్నారు. సీసాల్లో నీళ్ళు, సంచుల్లో మట్టి పట్టుకెళ్తారు. కొన్నాళ్ళకు ఎక్కడో ఇంగ్లీషులో వ్యాసం అచ్చవుతుంది. ఏ బోరు నీళ్ళు తాగొచ్చో, ఏవి తాగకూడదో ఆ నీళ్ళు తోడుకునే ఇల్లాలికి ఎవరు చెప్పాలి?

పరిశోధకుల మీద కోపం వద్దు. వాళ్ళ ప్రమోషను దేనిమీద నిలబడిందో చూడండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం సైన్సు అధ్యాపకుడికి ఒక పరిశోధన వ్యాసానికి 8 మార్కులు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరును (దాని వ్యాసాలను ఇతర పరిశోధకులు ఎంతగా ఉటంకించారో చెప్పే లెక్కను) బట్టి అదనంగా 30 దాకా వస్తాయి. అదే ఫలితాన్ని గ్రామసభలో నిలబడి తెలుగులోనో కన్నడలోనో వివరిస్తే? ఆ పరిశోధన స్కోరు పట్టికలో దానికి గడే లేదు! మార్కులు ఎటుంటే కలం అటే పోతుంది.

పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరుతో పరిశోధకుడి పనిని తూచొద్దని 2012లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన శాస్త్ర పత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలు తీర్మానించారు. 2015లో ఐక్యరాజ్యసమితిలో మన దేశం ఒప్పుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఆరోది అందరికీ శుభ్రమైన నీళ్ళు. గడువు 2030. అందుకు పరిశోధన ఫలితం ఊరికి చేరాలి. విదేశీ పత్రికల చందాలకు మూడేళ్ళకు 6000 కోట్లు కేటాయించిన కేంద్రం, ఆ పత్రికల్లోని విషయం ఊరికి అర్థమయ్యేలా చెప్పేవాళ్ళకు కూడా గుర్తింపు ఇవ్వాలి కదా! 2025 జనవరిలో వచ్చిన యూజీసీ ముసాయిదా నియామకాల్లో, ప్రమోషన్లలో సమాజంతో కలిసి చేసే పనిని కూడా చూస్తామంది. ఆ మాట కాగితం మీదే ఆగిపోకూడదు. ఊరికి ఫలితం అప్పజెప్పడాన్ని అందులో పేరుపెట్టి రాయాలి.

సైన్సును జనానికి చెప్పడం మనకు కొత్త సంగతి కాదు. గౌరిబిదనూరు తాలూకా హొసూరు బిడ్డ హెచ్. నరసింహయ్య అమెరికాలో అణుభౌతికశాస్త్రం చదివి వచ్చి, 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టి, సైన్సును మామూలు జనం ముందుకు తెచ్చారు. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అలాంటి మనిషిని కన్న జిల్లా ఇది.

బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం తన చేతిలో ఉన్న పనైనా వెంటనే చేయాలి. మన పల్లెల మీద రాసిన ప్రతి సిద్ధాంత గ్రంథానికీ కన్నడలో, తెలుగులో రెండు పేజీల సారాంశం జతచేసి, దాన్ని ఆ పంచాయతీకి అందజేయాలి. చింతామణి పట్టు కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఈ దారిలో ముందు నడవాలి.

అధ్యాపకులారా, మీ సంఘాల్లో ఈ డిమాండ్లపై తీర్మానం పెట్టండి. ఊరి జనులారా, సీసా పట్టుకుని వచ్చినవాళ్ళను ఆదరించండి, నీళ్ళివ్వండి, ఫలితం ఏ తేదీకి ఇస్తారో రాయించుకోండి. రాబోయే గ్రామసభలో ఈ డిమాండు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేదాకా లేవకండి!