అమరికల ఫైలు ఎక్కడున్నది?

2009లో మా ఊరి గ్రంథాలయానికి పుస్తకాల జాబితా ఒకటి కంప్యూటరులో తయారుచేసి పెడతానని మాట ఇచ్చాను. డేటాబేసులతోనే నా జీవనం గనుక అదేమంత పెద్ద పని అనిపించలేదు. నా ల్యాప్‌టాపులో, విండోస్ మీద, మైఎస్‌క్యూఎల్ వేసుకొని నాలుగు ఆదివారాలలో పని ముగించాను. తెలుగు అక్షరాలు చెడకుండా నిలవాలంటే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచమని సర్వరుకు ముందే చెప్పాలి. ఆ ఒక్క వాక్యాన్నీ అమరికల ఫైలులో రాశాను. పది పుస్తకాలు నమోదు చేసి చూశాను. పోతన, తిక్కన, వేమన, అందరూ చక్కగా కనిపించారు.

గ్రంథాలయంలోని కంప్యూటరులో ఉన్నది రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్సు. అక్కడ అమరికల ఫైలు /ఈటీసీ/మై.సీఎన్‌ఎఫ్. నా వాక్యాన్ని అందులో చేర్చబోతే 'అనుమతి లేదు' అన్నది. రైలుకు వేళవుతున్నది. రూటు ఖాతాలో ప్రవేశించి, ఆ ఫైలును ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు అంటూ 777 అనుమతులిచ్చి, వాక్యం చేర్చి, సర్వరును ఆపి మళ్ళీ లేపాను. లేచింది. ఖాళీ పట్టికలు సృష్టించాను. నేను చూస్తున్న తెర మీద ఏ ఫిర్యాదూ లేదు. పుస్తకాలను నమోదు చేసే పేజీని ఇద్దరు కుర్రవాళ్ళకు అప్పగించి, వెతికే పేజీని తరువాత పంపుతానని చెప్పి రైలెక్కాను.

మూడు వారాల తరువాత ఆ పేజీని పంపాను. మర్నాడు గ్రంథపాలకులు మాస్టారు ఫోను చేశారు. "బాబూ, నీ కంప్యూటరుకు అన్నీ సందేహాలేనయ్యా! ఏ పుస్తకం అడిగినా ప్రశ్నార్థకాలే చూపిస్తున్నది" అన్నారు.

పదకొండు వందల పైచిలుకు పుస్తకాలు. పేరు, రచయిత, ప్రచురణకర్త, అన్నీ ప్రశ్నార్థకాలే. జరిగినది ఇది. యూనిక్సు జాతి యంత్రాల మీద, ఎవరైనా రాయడానికి వీలున్న అమరికల ఫైలును మైఎస్‌క్యూఎల్ చదవదు. భద్రత కోసం బుద్ధిపూర్వకంగా పెట్టిన నియమమది. 'ఈ ఫైలును పట్టించుకోవడం లేదు' అని ఒక హెచ్చరిక వెలువరించి, తనలోపల ముందే ఉన్న విలువలతో పని మొదలుపెడుతుంది. ఆనాటి ఆ లోపలి విలువ లాటిన్-1. పడమటి ఐరోపా భాషలకు సరిపోయే ఆ లిపిలో తెలుగుకు చోటు లేదు. చోటు లేని ప్రతి సంకేతాన్నీ, కఠిన నియమాలు పెట్టని ఆనాటి అమరికలలో, ఒక ప్రశ్నార్థకంగా మార్చి దాచుకున్నది. పోతన అన్న పేరులో ప, దాని ఓత్వం, త, న: నాలుగు సంకేతాలు, నాలుగు ప్రశ్నార్థకాలు. వేమనకూ నాలుగే. దాచిన తరువాత ఏ నాలుగు ఎవరివో చెప్పగల విద్య ఈ లోకంలో లేదు.

తప్పు నాదే, సందేహం లేదు. 777 ఇచ్చిన చెయ్యి నాది. లిపిని పట్టికలోనే ప్రకటించకుండా సర్వరుకు వదిలినదీ నేనే. కానీ ఆనాటి నుంచి ఒక ప్రశ్న నన్ను విడువలేదు. డేటాబేసుల అమరికల ఫైళ్ళు ఒక్కొక్క యంత్రం మీద ఒక్కొక్క చోట ఉండడమే ఇలాంటి అనర్థాలకు మూలమని మా వృత్తిలో చాలామంది అంటారు. అన్నిటికీ ఒకే చోటు నిర్ణయిస్తే పీడ విరగడవుతుందంటారు. నేను ఒప్పుకోను. చోట్లు వేరువేరుగా ఉండడం దోషం కాదు. ఏ చోటు నుంచి చదివిందో, అసలు చదివిందో లేదో, సర్వరు గట్టిగా చెప్పకపోవడం దోషం.

ముందు ఆ చోట్లను చూద్దాం. మైఎస్‌క్యూఎల్ లినక్సు మీద మొదట /ఈటీసీ/మై.సీఎన్‌ఎఫ్ చూస్తుంది. తరువాత /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మై.సీఎన్‌ఎఫ్ చూస్తుంది. ఆపైన నిర్మాణ సమయంలో నిర్ణయించిన మరొక చోటు, చివరికి వినియోగదారుని సొంత ఫోల్డరు. ఒకటి దొరికింది గదా అని ఆగదు. దొరికినవన్నీ వరుసగా చదువుతుంది. ఒకే అమరిక రెండుచోట్ల ఉంటే సాధారణంగా చివర చదివినదే చెల్లుతుంది. డెబియన్, ఉబుంటులలో ఆ రెండవ ఫైలు మళ్ళీ పక్క ఫోల్డర్లలోని చిన్న ఫైళ్ళను పిలుస్తుంది. విండోస్ మీద ఫైలు పేరే వేరు, మై.ఐఎన్‌ఐ. విండోస్ ఫోల్డరులో, సీ డ్రైవు మొదట్లో, స్థాపించిన ఫోల్డరులో వెతుకుతుంది. కానీ ఇన్‌స్టాలరుతో పెట్టిన సర్వీసుకు సాధారణంగా 'ఈ ఒక్క ఫైలే చదువు' అన్న ఆదేశం ఉంటుంది. ఆ ఫైలు ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డరు కింద ఉంటుంది, ఆ ఫోల్డరేమో మామూలుగా కంటికి కనిపించదు. అక్కడ సీ డ్రైవు మొదట్లో మీరెంత శ్రద్ధగా ఫైలు రాసినా అది గాలికి చెప్పిన మాటే.

పోస్ట్‌గ్రెస్ దారి వేరు. దాని స్వభావం ప్రకారం అమరికల ఫైలు దత్తాంశంతో పాటే ఒకే ఫోల్డరులో ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో అది /వార్/లిబ్/పీజీఎస్‌క్యూఎల్ కింద. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద, వెర్షను సంఖ్య గల ఫోల్డరులోని డేటాలో. మాక్ మీద హోమ్‌బ్రూ ద్వారా వేసుకుంటే ఇంటెల్ యంత్రాలలో /యూఎస్ఆర్/లోకల్ కిందికి, 2020 చివర వచ్చిన యాపిల్ సిలికాన్ యంత్రాలలో /ఆప్ట్/హోమ్‌బ్రూ కిందికి పోతుంది. డెబియన్ మాత్రం అమరికలను దత్తాంశం నుంచి విడదీసి, /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కింద వెర్షనుకొక ఫోల్డరు, అందులో క్లస్టరుకొక ఫోల్డరు పెట్టింది. ఒరాకిల్ యూనిక్సు మీద తన ఇంటి ఫోల్డరులోని 'డీబీఎస్'లో వెతుకుతుంది, విండోస్ మీద 'డేటాబేస్' అన్న ఫోల్డరులో. ఎస్‌క్యూఎల్ సర్వరు విండోస్ మీద ఉన్నంతకాలం తన అమరికలను రిజిస్ట్రీలోనూ తన సొంత పట్టికలలోనూ దాచుకున్నది. 2017లో లినక్సుకు వలస వచ్చినప్పుడు మాత్రం ఊరి ఆచారం పాటించి /వార్/ఆప్ట్ కింద ఎంఎస్ఎస్‌క్యూఎల్.కాన్ఫ్ అని ఒక ఫైలు పెట్టుకున్నది.

ఇదంతా అరాచకంలా కనిపిస్తుంది గాని కాదు. ప్రతి చోటు వెనుకా ఒక ఆలోచన ఉన్నది. ఈటీసీ అంటే 'ఇత్యాది'. ఎక్కడా ఇమడనివన్నీ పడవేసే మూలగది లాంటిదిగా యూనిక్సులో పుట్టి, క్రమంగా ఆ యంత్రానికి మాత్రమే చెందిన అమరికల చోటుగా మారింది. లినక్సు లోకపు ఫైలు అమరిక ప్రమాణం దాన్నే శాసనం చేసింది. యంత్రాన్ని పోషించే మనిషికి అమరికలన్నీ ఒకేచోట దొరకాలి, ఆ ఒక్క ఫోల్డరుకు నకలు తీసుకుంటే చాలాలి. ఇది ఆ పక్షం న్యాయం. అమరికలను దత్తాంశంతోనే ఉంచే పోస్ట్‌గ్రెస్ న్యాయం మరొకటి. ఒకే యంత్రం మీద నాలుగు డేటాబేసులు నడిస్తే దేని అమరిక దాని వెంటే ఉండాలి. ఫ్రీబీఎస్డీవారు అసలు వ్యవస్థ ఫైళ్ళను తరువాత తెచ్చుకున్నవాటితో కలపరు, అందుకే అక్కడ తెచ్చుకున్నవాటి అమరికలు /యూఎస్ఆర్/లోకల్/ఈటీసీ కింద ఉంటాయి. ఒక్కొక్క ప్రాంతంలో వంటిల్లు ఒక్కొక్క దిక్కున ఉన్నట్లు, ఇవి ఆయా లోకాల ఆచారాలు. అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పమంటే, ఎవరో ఒకరి న్యాయాన్ని కాలరాయవలసి వస్తుంది.

డిఫాల్టు అన్న మాటకు మన స్థానికీకరణ మిత్రులు 'అప్రమేయం' అన్నారు. కొలతకు అందనిది అని దాని అర్థం, విష్ణుసహస్రనామాలలో ఒకటి కూడా. అర్ధరాత్రి అమరికల ఫైలు వెతికినవారెవరికైనా ఆ అనువాదం అతికినట్లే తోస్తుంది. అయితే భక్తులకు చెల్లే మాట సర్వరుకు చెల్లదు. సర్వరు కొలతకు అందాలి. అడిగితే బదులు చెప్పాలి.

ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్ నాకు ఆదర్శం. తన ప్రధాన అమరికల ఫైలు కనిపించకపోతే అది లేవదు. ఫలానా ఫైలు తెరవలేకపోయాను అని చెప్పి ఆగిపోతుంది. నడుస్తున్నప్పుడు 'షో కాన్ఫిగ్_ఫైల్' అని అడిగితే ఏ ఫైలో పూర్తి దారి చెబుతుంది. ఇంకా లోతుగా అడిగితే, ప్రతి అమరికా ఏ ఫైలులో ఎన్నవ వరుస నుంచి వచ్చిందో పీజీ_సెట్టింగ్స్ అన్న పట్టికలో చూపిస్తుంది. అప్పుడు ఆ ఫైలు ఏ దేశాన ఉంటేనేం? మైఎస్‌క్యూఎల్ కూడా ఈ దారికి వచ్చింది. 2018లో వెలువడిన 8.0 నుంచి వేరియబుల్స్_ఇన్ఫో అన్న పట్టికలో ప్రతి విలువకూ మూలమేదో చెబుతున్నది. అదే వెర్షనుతో అప్రమేయ లిపి కూడా లాటిన్-1 పోయి యూటీఎఫ్8ఎంబీ4 అయింది. నా పదకొండు వందల పుస్తకాలకు ఈ రెండూ తొమ్మిదేళ్ళు ఆలస్యం.

మౌనం చేసే కీడుకు ఇంకొక ఉదాహరణ. మోంగోడీబీని లినక్సు ప్యాకేజీగా వేసుకుంటే దాని అమరికల ఫైలు /ఈటీసీ/మోంగోడీ.కాన్ఫ్. దత్తాంశం /వార్/లిబ్ కింద ఉంటుందని ఆ ఫైలే చెబుతుంది. సర్వీసుగా లేపితే ఆ ఫైలు చదువుతుంది. కానీ చేత్తో, ఫైలు పేరు చెప్పకుండా లేపితే దాన్ని చదవదు. లోపలి విలువ ప్రకారం /డేటా/డీబీ అనే ఫోల్డరు వెతుకుతుంది. ఆ ఫోల్డరు లేకపోతే ఆగిపోతుంది, అది అదృష్టం. ఎవరో ఎప్పుడో సృష్టించి ఉంటే మాత్రం అందులో ఖాళీ డేటాబేసును తెరిచి కూర్చుంటుంది. యజమాని గుండె ఆగినంత పని అవుతుంది. దత్తాంశం ఎక్కడికీ పోలేదు, పక్క ఫోల్డరులో భద్రంగా ఉన్నది. దారి తప్పినది సర్వరు. దారి తప్పానని దానికి తెలియదు.

'ఇవన్నీ మాన్యువల్‌లో రాసే ఉన్నాయి, చదువుకోవద్దా?' అనే పెద్దలున్నారు. చదువుకోవలసిందే. కానీ మాన్యువల్ చెప్పేది ఫైలు ఉండదగిన చోట్లు. ఈ యంత్రం మీద, ఈ ఉదయం, ఈ సర్వరు చదివిన చోటు ఏదో మాన్యువల్ చెప్పలేదు. చెప్పగలిగినది సర్వరు ఒక్కటే. పైగా ఇది కంటైనర్ల కాలం. కంటైనరు లోపలికి పోయి మార్చిన ఫైలు, ఆ కంటైనరును తీసివేసి కొత్తది సృష్టించగానే మార్పుతో సహా మాయమవుతుంది. బయటి ఫోల్డరును లోపలికి జోడించి ఉంటేనే నిలుస్తుంది. దారి తెలిసినంత మాత్రాన చాలదని దీనివల్ల మరింత స్పష్టమవుతున్నది.

కనుక సాఫ్టువేరు రాసేవారికి నా విన్నపం ఒక్కటే. మీ ఫైలును మీకు నచ్చిన చోట పెట్టుకోండి. లేచిన వెంటనే చదివిన ఫైళ్ళ పేర్లు లాగులో వరుసగా రాయండి. ఉన్న ఫైలును కావాలని వదిలివేస్తే, లేవకండి. నిలబడిపోయిన సర్వరు ఒక గంట నష్టం. తప్పు అమరికతో నడిచే సర్వరు ఎన్నాళ్ళ నష్టమో ఎవరూ చెప్పలేరు.

వాడేవారికి చెప్పగలిగినవి మూడు. మార్చిన తరువాత ఫైలును కాదు, సర్వరును చూడండి, విలువ మారిందో లేదో దాన్నే అడగండి. ఒక నకిలీ నమోదు చేసి, తిరిగి చదివి, కళ్ళతో చూడండి. అన్నిటికంటె ముఖ్యం, పోతే తిరిగి రానిదాన్ని అప్రమేయానికి వదలకండి. జ్ఞాపకశక్తి ఎంత కేటాయించాలి, ఎందరిని లోపలికి రానివ్వాలి వంటివి తప్పినా దిద్దుకోవచ్చు. అక్షరం అలా కాదు. లిపిని డేటాబేసు సృష్టించేటప్పుడే, పట్టికలోనే ప్రకటించాలి. అప్పుడు ఏ ఫైలు ఎక్కడున్నా, ఏ సర్వరు ఏది చదవకపోయినా, పోతన పోతనగానే ఉంటాడు.

గ్రంథాలయం జాబితా సంగతి చెప్పలేదు గదూ. పుస్తకాలు వచ్చిన వరుసలో చేత్తో రాసుకున్న పాత రిజిస్టరు ఒకటి మాస్టారి బల్ల సొరుగులో ఉండేది. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన చదువుతుంటే, నేనూ ఆ ఇద్దరు కుర్రవాళ్ళూ వంతులవారీగా మళ్ళీ ఎక్కించాము. తొమ్మిది రోజులు పట్టింది. చివరి రోజున మాస్టారు రిజిస్టరు మూసి సొరుగులో పెడుతూ, "ఇది ఎక్కడుంటుందో నాకు తెలుసు బాబూ, అడిగితే చూపిస్తాను కూడా" అన్నారు.