ఇంటి కుళాయి, ఇల్లాలి చేయి



గత మాసపు పద్దులు చూచుకొనుచుండగా ఒక పంక్తియొద్ద మా చూపు నిలిచిపోయినది. పెరటి కుళాయి బాగుచేయించినందులకు వాషరు వెల 5 రూపాయలు, పనివాని కూలి 300 రూపాయలు. పనివానిని మేము నిందింపము. ఎండలో వచ్చినవానికి ఆ కూలి న్యాయమే. కాని బడిపంతులుగారి జీతముతో నడచు ఇంట నట్టి పంక్తులు ఏటికి నాలుగున్న చాలును, పిల్లల పుస్తకముల డబ్బు నీరైపోవుటకు. అందుచే వంటయింటి కుళాయి కారినప్పుడు ఆ పనికి మేమే పూనుకొంటిమి. మావారు పద్యమున గణములు విడదీయుదురు గాని కుళాయి విడదీయుట వారికిని క్రొత్తయే. దీపము పట్టుకొని నిలిచిరి.

ముందుగా ట్యాంకునుండి వచ్చు గొట్టపు వాల్వును మూసి, కుళాయి త్రిప్పి మిగిలిన నీటిని వదలవలెను. కుళాయి తలను స్పానరుతో విప్పినచో అరిగి గట్టిపడిన రబ్బరు బిళ్ళ కనబడును. అదియే వాషరు. దానిని చెంగున ముడివైచుకొని అంగడికి గొనిపోయి, ఆ కొలతదే యడుగుడు. మాటలతో జెప్పిన వేరొకటి యింటికి వచ్చును. పావు త్రిప్పుతోనే మూతపడు క్రొత్తరకపు కుళాయిలకు వాషరుండదు, లోని కార్ట్రిడ్జిని మార్చవలయును. గోడయొద్ద కారుచున్నయెడల కుళాయిని విప్పి, మరచుట్లపై పాత టేపు గీకి, మర బిగియు దిక్కుననే తెల్లని టెఫ్లాన్ టేపును ఐదారు చుట్లు చుట్టవలెను. ఎదురు దిక్కున చుట్టిన బిగించునప్పుడే ఊడివచ్చును. ప్లాస్టిక్ మరలను బలముకొలది త్రిప్పరాదు, పగులును.

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న అమలాపురమువారికి ఒక్క చుక్కపై నింత లోభమేల యందురా? సెకనుకొక చుక్క కారిన దినమునకు సుమారు 4 లీటర్లు పోవును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది మొదలు మనకు కాలువలే ప్రాణము. ఆ కాలువలను వేసవిలో కట్టివేయుదురు. అప్పుడు చెరువులలో నిలువచేసిన నీరే దిక్కు. సముద్రతీరపు గ్రామములలో బోరునీరు ఉప్పన. ఇనుప గొట్టములకు త్వరగా తుప్పు పట్టించును.

అంతకంటె భయంకరమైన సంగతి వేరొకటి గలదు. మన వీథులలో ఇంటి గొట్టములు పెక్కు మురుగుకాలువను దాటియే వచ్చును. నీరు వదలినంతసేపు పగులునుండి నీరు బయటికి పోవును. నీరు కట్టివేయగానే గొట్టములో వత్తిడి తగ్గి, ఆ పగులుగుండనే మురుగు లోనికి జొచ్చును. మరునాడు తొలి బిందెలో పడునది అదియే. కామెర్లు, టైఫాయిడు, విరేచనములు ఈ దారిని వచ్చుట కలదు. కావున కుళాయి వచ్చు వేళ ఒకమారు వీథిలోనికి పోయి, కాలువను దాటు గొట్టమును కన్నులార చూడుడు. తొలినీటిని కొంత మొక్కలకు పోసి, త్రాగునీటిని మరుగ గాచుకొనుడు. అతుకు కారుచున్నచో మునిసిపాలిటీకో పంచాయతీకో వ్రాతమూలకముగా తెలుపుడు. “ఆడువారికేల” అనువారికి బిందెలోని నీరు చూపుడు.

గోడలోపలి అతుకులును, మోటారు కరెంటు తీగలును మన జోలికి రానివి. వానికి పనివానినే పిలువవలెను, పిలిచి ప్రక్కన నిలిచి చూడవలెను. సగము విద్య అట్లే వచ్చును.

వచ్చు మాసమున ట్యాంకు కడుగు విధమును వ్రాసెదము.