వెంచర్‌కు సంతకం పెట్టేముందు వీధిని అడగండి

మార్కాపురం జిల్లా కేంద్రమైంది. ఏ ఆఫీసు ఎక్కడ కడతారో తేలకముందే దాని చుట్టూ భూమి ధర తేలిపోవడం ఏ కొత్త జిల్లాలోనైనా ఉన్నదే. కంభం, గిద్దలూరు వైపు రోడ్డు పక్క పొలాలకూ ఆ వేడి తగలక మానదు. ఇళ్లు వద్దని ఈ కరపత్రం అనడం లేదు. పెద్ద వెంచర్‌కు అనుమతి ఇచ్చేముందు దాని పక్కన ఇప్పటికే కాపురం ఉంటున్నవాళ్లను అడగాలి, అదీ లెక్కలు ముందు పెట్టి అడగాలి అన్నదే మా మాట.

ఏదైనా లేఅవుట్ ప్లాను విప్పి చూడండి. ప్లాట్లకు నంబర్లుంటాయి, రోడ్ల వెడల్పు రాసి ఉంటుంది, పార్కుకు వదిలిన స్థలం కనిపిస్తుంది. మురుగు కాలువ గీత మాత్రం సరిహద్దు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ నీరు అవతల ఎవరి వీధిలో తేలుతుందో, ఏ కుంటలో కలుస్తుందో ఆ కాగితం చెప్పదు. గేటు లోపల 40 అడుగుల రోడ్డు, గేటు దాటితే పాత డొంక. తప్పు ప్లాను గీసినవాడిది కాదు. అనుమతి సర్వే నంబర్లను చూసి ఇస్తున్నారు గానీ ఊరిని చూసి కాదు. పర్యావరణ అనుమతి ఉంటుంది కదా అంటారా? 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్ల నిర్మాణమో, 50 హెక్టార్ల విస్తీర్ణమో ఉంటేనే ఆ అవసరం. 50 హెక్టార్లంటే 123 ఎకరాల పైమాట. పది ఎకరాల వెంచర్లు పక్కపక్కనే పది వచ్చినా దేనికదే చిన్నది, దేనికీ లెక్క ఉండదు. ఇక 2016 నాటి రెరా చట్టం కాపాడేది ప్లాటు కొన్నవాడిని. పక్క వీధివాడు దాని కంటికి ఆనడు.

మన ప్రాంతంలో మొదట అడగాల్సింది నీళ్ల సంగతి. వేసవి వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరుస కట్టే ఊళ్లు మనవి. ఫ్లోరైడ్ బాధ సరేసరి. శ్రీశైలం నుంచి రెండు సొరంగాల్లో 43.5 టీఎంసీలు తెస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఆశను చూపించి ఈరోజు ప్లాటు అమ్మకూడదు. కొత్త కాలనీకి నాలుగు బోర్లు వేస్తే పాత వీధి బోరు ఏమవుతుందో అనుమతి ఫైలులో ఉండాలి. విజయనగర కాలంలో గుండ్లకమ్మ నీటిని కొండల మధ్య నిలిపి కంభం చెరువు కట్టినవాళ్లు వాగు ఎటు పారుతుందో చూశాకే కట్ట వేశారు. మనం వాగులోనే హద్దురాళ్లు పాతుతున్నాం.

ఇలా అడుగుతూ పోతే పేదలకు ఇళ్లు ఆలస్యమవుతాయన్నది గట్టి అభ్యంతరమే. జరిగింది చూద్దాం. 2020 డిసెంబరు 25న మొదలైన పేదల ఇళ్ల స్థలాల పథకంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. అంత ఇరుకు జాగాల్లో ఆరోగ్యం, పర్యావరణం ఏమవుతాయో తేల్చకుండా కట్టవద్దని 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం నిర్మాణాలు ఆపింది. తర్వాత డివిజన్ బెంచ్ ఆ తీర్పును పక్కన పెట్టింది. ఎవరిది ఒప్పన్నది అటుంచండి. మొదటే అడగాల్సిన ప్రశ్న పట్టాలు పంచాక కోర్టులో అడిగితే మధ్యలో నలిగింది లబ్ధిదారుడే. ఇప్పటి ప్రభుత్వం రెండు, మూడు సెంట్లు ఇస్తామంటోంది, మంచిదే. జాగా పెరిగినంత మాత్రాన కుళాయి రాదు. పట్టణాభివృద్ధికి ముందే పర్యావరణ ప్రభావం అంచనా వేయాలని 2023 జనవరిలో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

జనాన్ని అడిగితే ప్రతిదానికీ అడ్డుపడతారంటారు. అడ్డుపడే హక్కు మేం కోరడం లేదు, రాతపూర్వక జవాబు కోరుతున్నాం. 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకే. మార్కాపురం, గిద్దలూరు ఆ లెక్కకు దరిదాపుల్లో లేవు. అయితే వార్డు సచివాలయాలున్నాయి, వాటిలో ప్లానింగ్ కార్యదర్శి ఉన్నారు. ఐదెకరాలు దాటిన ప్రతి లేఅవుట్ ప్లానును నెల రోజులు అక్కడ అతికించాలి. నీరు ఎక్కడినుంచి, మురుగు ఎక్కడికి, రాకపోకలు ఏ దారిన అన్నది తెలుగులో రాయాలి. ఆనుకుని ఉన్న వెంచర్లను కలిపి లెక్కించాలి. సభ పెట్టి, వచ్చిన అభ్యంతరాలకు జవాబు రాశాకే సంతకం చేయాలి. ముందు వెంచర్ వేసి తర్వాత రుసుము కట్టి క్రమబద్ధం చేసుకునే అలవాటుకూ ఇదే విరుగుడు. రుసుము ఖజానాకు చేరుతుంది గానీ పూడిన కాలువ తిరిగి రాదు.

మునిసిపల్ ఎన్నికల్లో మీ వార్డుకు ఓటడగడానికి వచ్చినవారి చేతికి ఈ కాగితం ఇవ్వండి. ఈ పద్ధతి కోసం కౌన్సిల్ మొదటి సమావేశంలోనే తీర్మానం పెడతామని దీని వెనుక రాయించి, సంతకం తీసుకోండి.